తొంభై రెండు దగ్గర

ఆగస్టు నెల. మిరాందెలా దాటాక ఎత్తుదారి.
వ్యాను వెనక ఐసు కింద సార్డీను చేపలు,
ముందు నేను, హీటరు చివరిదాకా తిప్పుకుని.

నవ్వకండి.
ఇంజిను మంటని కాస్త నా మోకాళ్ళ మీదికి మళ్ళిస్తే
సూది ఎర్రగీత ఇవతలే ఆగుతుంది.
ముప్పై ఏళ్ళ డీజిలు బండికి అంతకంటే ఏం ఆసరా ఇవ్వను?
చేపలకి మంచు, నాకు నిప్పు.
ఐదు ఊళ్ళు అట్లాగే అమ్మాను.
హారను విని గిన్నెలతో వచ్చిన ముసలమ్మలు
చేప మొప్పల కంటే ముందు నా మొహం చూసి
"ఒటీలియా, నువ్వే ఉడికిపోయావు గదే!" అన్నారు.

చదునులో పరిగెత్తితే ఎదురుగాలి చాలు.
ఎత్తెక్కుతుంటే, గొర్రెలు అడ్డం పడితే,
ఫ్యాను తిరగాలి.
తిరగడం లేదు.

కొండ మలుపులో జుల్మీరు షెడ్డు.
ముందు నన్ను తిట్టాడు, తర్వాతే బానెట్టు ఎత్తాడు.
ఫ్యూజు పీకి ఎండకి పెట్టి చూశాడు:
తీగ బతికే ఉంది.
రేడియేటరు పక్కన, కింది మూలలో
ఇత్తడి మొగ్గలాంటి స్విచ్చి.
దాని రెండు వైర్లూ ఊడబెరికి
కొసకి కొస తాకించాడు.
ఫ్యాను ఉలిక్కిపడి లేచింది,
ఏడాది దుమ్మూ ఒక తూనీగ రెక్కా
నా నోట్లో కొట్టి.

"మోటారు బాగానే ఉంది. దాన్ని లేపేవాడే నిద్రపోయాడు."

బండి చల్లారేదాకా చేపల మీద తడిగోనె కప్పాను.
స్విచ్చి విప్పి, కాఫీ గిన్నెలో నీళ్ళు పోసి,
వాళ్ళక్క మేకపాల జున్నుకి వాడే థర్మామీటరు ముంచి,
పాత బ్యాటరీకి ఒక బల్బు కట్టాడు.
ఎనభై.
ఎనభై అయిదు. జుల్మీరు బీడీలాంటిదేదో చుట్టుకున్నాడు.
తొంభై.
తొంభై రెండు దగ్గర
బల్బు వెలిగింది.

కొత్తది పద్దెనిమిది యూరోలని
అప్పటికే చెప్పేసిన మనిషి
చుట్టని చెవి వెనక దోపుకుని నేల చూశాడు.
వారం నుంచీ ఆ మొగ్గనే తిట్టాను నేను,
అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

మరి?

చేప నిన్నటిదో మొన్నటిదో
వేలితో చెప్పే చెయ్యి నాది.
బండి మళ్ళీ స్టార్టు చేయించి,
సూది పైకి పోతుండగా తడిమాను.
పైగొట్టం, ఇంజిను దగ్గర: చెయ్యి కాలింది.
రేడియేటరు కింది మూల, స్విచ్చి ఉన్నచోట:
నా ఐసుపెట్టె అడుగులా ఉంది.
ఇల్లు తగలబడుతోంది,
వీధి చివర కాపలావాడికి పొగైనా అందలేదు.
తలుపెక్కడో బిగుసుకుంది.

ఇంజిను మెడ దగ్గర మూత విప్పాడు.
లోపలి థర్మోస్టాటు, మైనపు గుండె ఉన్న చిన్న బిళ్ళ,
అదే గిన్నెలోకి వెళ్ళింది.
ఎనభై మూడుకే తెరుచుకోవాలట.
నీళ్ళు తెర్లాయి, ఎగిరిపడ్డాయి, సగమయ్యాయి.
అది వెంట్రుకవాసి నోరు తెరిచి
ఇక నావల్ల కాదంది.

"ఉడికినా తెరుచుకోని ఆల్చిప్పని
మా అంగట్లో పారేస్తాం" అన్నాను.
పారేశాడు. డ్రమ్ములో ఠంగుమంది.

కొత్తది గురువారానికి వస్తుంది.
అందాకా లేకుండానే పొమ్మన్నాడు,
బిస్కెట్ల అట్టముక్క కత్తిరించి
మూత కింద వాషరుగా వేసి.
డబ్బు వద్దని పన్నెండు సార్డీన్లు తీసుకున్నాడు.
ఆ గిన్నెలో మాత్రం వేయించకు, అని చెప్పాల్సి వచ్చింది.

పైమలుపులో మళ్ళీ అదే మంద,
కుక్క కూడా తొందరపడటం లేదు.
ఇంజిను ఆపలేదు. సూది ఎక్కుతోంది.
నా చెయ్యి అలవాటుగా హీటరు మీట మీదికి పోయి
అక్కడే ఆగింది.
ఒకటి, రెండు, మూడు...
పదకొండు లెక్కపెట్టాక
ముందు నుంచి గుర్రుమని గాలి.

గొర్రెలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.
వెనక ఐసు చుక్కచుక్కగా కారుతున్న చప్పుడు
అప్పుడు వినపడింది.
ఇంకా మూడు ఊళ్ళున్నాయి.